వీరమరణము – స్మరణధర్మము

యుద్ధమున కుమారుని కోల్పోయిన తల్లిని పరామర్శింపబోయినవారు తొలుత పలుకు మాట, “నీ బిడ్డ వీరస్వర్గ మలంకరించెను, దుఃఖింపకుము” అనునది. ఇది అసత్యమని నేననను. అభిమన్యుడు మడిసిన నాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడే చెల్లెలగు సుభద్రతో ఇంచుమించు ఇట్లే పలికెను. అయినను ద్రోణపర్వమును శ్రద్ధగా చదివినవారికి ఒక విశేషము కానవచ్చును. అన్న ఓదార్పు ముగిసిన వెంటనే వ్యాసుడు సుభద్ర విలాపమును విస్తరించి చెప్పెను. భగవంతుని వాక్కే ఆ తల్లి కన్నీటిని ఆపలేదు. ఆపవలెనని వ్యాసునకును తోచలేదు. అట్టిచో మన నోట ఆ మాట ఎంత పనిచేయును? తరచుగా అది వినువారి బరువు దించుటకు గాక, పలుకువారు త్వరగా లేచిపోవుటకే ఉపకరించుచున్నది.

మరి ఆ యువకునకు మనమేమి ఋణపడియున్నాము?

పద్మవ్యూహమును ఛేదింపుమని బాలుని కోరినవాడు ధర్మరాజు. లోనికి చొచ్చుట తండ్రి నేర్పెనుగాని వెలువడుట తానెరుగనని అభిమన్యుడు దాపరికము లేక చెప్పెను. (సుభద్ర నిద్రించుటచే గర్భస్థశిశువు సగమే వినెనను కథ జనశ్రుతియే గాని వ్యాసభారతమున లేదు.) నీ వెంటనే మేమును వత్తుమని పెద్దలు మాట యిచ్చిరి. సైంధవుడు అడ్డుపడగా ఆ మాట చెల్లలేదు. ధర్మరాజు వీరస్వర్గమును తలచి ఊరడిల్లలేదు. తన కోర్కెకై పసివానిని పంపితినని కుమిలిపోయెను. సరిహద్దునకు సైనికుని పంపి ఇండ్లలో నిశ్చింతగా నిద్రించు మనమందరమును ఆ మాట యిచ్చినవారమే.

1999 కార్గిల్ యుద్ధమున నేలకొరగిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాదు వాసి. మా చిల్కానగర్‌కు పడమట, తార్నాక ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివినవాడు. రెండవ రాజపుతానా రైఫిల్స్ దళమున అధికారి. జూన్ 28న ద్రాస్ కొండలలో శత్రుస్థావరముపై దాడి జరుపుచు తీవ్రముగా గాయపడెను. కదలలేని స్థితిలో, తన్ను విడిచి ముందునకు సాగుడని తన వారిని పంపెను. స్థావరము చేజిక్కిన పిదప ప్రాణములు విడిచెను. ప్రభుత్వము ఆయనకు మరణానంతరము మహావీరచక్ర మొసగెను.

అంతకు కొలది దినముల ముందే తండ్రికి ఒక జాబు వ్రాసియుండెను. అప్పటికి ఆయన భార్య గర్భవతి. పుట్టబోవు బిడ్డకు సద్గుణము లలవడునట్లు దినమున కొక భారతకథ ఆమెకు వినిపింపుడని ఆ జాబులో కోరెను. మంచుకొండలపై మృత్యువు నెదుట నిలిచి కోరిన కోరిక యిది! విగ్రహమును కోరలేదు, వీథికి తన పేరు కోరలేదు. తండ్రి మరణించిన పిదప ఆడశిశువు జన్మించెను.

ఆ శిశువునకు అభిమన్యుని కథ చెప్పవలసి వచ్చినచో ఎంతవరకు చెప్పవలెను? శౌర్యముకడ ఆపుట సులభము. నా మతమున సగము చెప్పుట తగదు. వెంట వత్తుమన్నవారు రాలేకపోయిరనియు, ధర్మరాజు తన్ను తాను నిందించుకొనెననియు, స్త్రీపర్వమున ఉత్తర భర్తృశరీరమును ఒడిలో చేర్చుకొని పలవించెననియు చెప్పవలెను. అన్నియు విన్న బిడ్డయే తండ్రి నెరుగగలదు.

పరీక్షిత్తు కూడ తండ్రి ముఖ మెరుగని బిడ్డ. ఆతని కుమారుడు జనమేజయుడు. సర్పయాగ సమయమున తన పూర్వుల చరితమును సమగ్రముగ వినగోరినది ఆ జనమేజయుడే. వ్యాసుని ఆజ్ఞచే వైశంపాయనుడు ఆతనికి చెప్పిన కథయే మన భారతము. మడిసిన ఆ బాలుని మనుమడు కోరగా చెప్పినది.