పంపిన చెయ్యి

నిజం చెప్పొద్దూ, నాకు పోలీసు స్టేషనంటే భయం. నవలల్లో ఇన్‌స్పెక్టర్ల చేత ఎన్నో మాటలు అనిపించాను గానీ, ఏనాడూ ఆ మెట్లెక్కిన పాపాన పోలేదు. అలాంటిదాన్ని మూడు రాత్రులు నిద్ర మానుకుని ఒకటే ఆలోచించాను. వెళ్లి చెప్పాలా, వద్దా?

సంగతి ఇదీ. మా ఆలూరులో, మా వీధి మలుపు దగ్గర ఓ చిల్లర అంగడి ఉంది. నడిపేది నా ఈడు మనిషే. మొగుడు పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఓ సాయంత్రం బెల్లం కోసం వెళ్తే, నాకంటే ముందు స్కూలు చొక్కా తొడుక్కున్న కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఎనిమిదో తరగతేమో, ఇంకా మీసాల నూగైనా రాలేదు. ఆమె శనగల మూట వెనక చెయ్యి పెట్టి, కర్ణాటక మందు ప్యాకెట్టు ఒకటి తీసి, పాత పేపర్లో చుట్టి వాడి చేతిలో పెట్టింది, బిస్కెట్లు ఇచ్చినంత మామూలుగా.

"ఎవరికిరా?" అన్నాను.

"మా తాతకు," అన్నాడు. తల దించుకోను కూడా లేదు.

మా ఊరు తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. బళ్లారి రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. సరిహద్దు ఎంతో దూరం లేదు. ఇటు ధర పెరిగిందంటే అటు సరుకు సంచుల్లో, మోటారు సైకిళ్ల మీద వచ్చేస్తుంది. ఇక వాన ఎగ్గొట్టిన ఏడు తల్లీ తండ్రీ సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో, ఇంకెక్కడో పత్తి తీయడానికో. నెలల తరబడి పిల్లలు అవ్వాతాతల దగ్గరే. ఈ కుర్రాడి అమ్మానాన్నలూ సుగ్గికి పోయినవాళ్లే.

ఇంటికొచ్చి మావారితో చెప్పాను. పేపరు దించకుండానే "మనకెందుకు?" అన్నారు. ఆయన్ననడం దేనికి? నాకూ ఆ మాటే హాయిగా తోచింది. బెల్లం కరిగించి పాయసం చేసుకున్నాను.

పదిహేను రోజులు తిరక్కుండానే ఆ పిల్లవాడు బడి గోడ వెనక స్పృహ లేకుండా దొరికాడు. దారిలో తాత ప్యాకెట్టు నుంచి కాస్త కాస్త రుచి చూడటం అలవాటై, ఆ రోజు మొత్తం తాగేశాడట. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికాడు. ఆ రాత్రి నుంచే నాకు నిద్ర లేదు.

చట్టం ఏమంటుందో చూశాను. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయచట్టం ఇంకా గట్టిది. వైద్యుడి సలహా లేకుండా 18 ఏళ్ల లోపు పిల్లలకి మత్తుపానీయం ఇచ్చినవాళ్లకి 7 ఏళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. చదవగానే ముందు సంతోషించాను. తర్వాత ఆ ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు. వాళ్లమ్మ జైలుకి పోతే వాళ్లకి అన్నం పెట్టేదెవరు? ఒక పిల్లాడికి న్యాయం చేయబోయి ఇద్దరు పిల్లల్ని వీధిన పడేస్తానా? అలాగని ఊరుకుంటే, రేపు గోడ వెనక దొరికేది ఇంకెవరి బిడ్డ?

స్టేషనుకి పోయే ముందు ఆ మనిషి మొహం మీదే అడుగుదామని అంగడికి వెళ్లాను.

"ఆ పిల్లోడు తాగుతాడని నాకేం తెలుసక్కా? తాత పంపిస్తే వచ్చినాడు, ఇచ్చినా," అంది. "నేనమ్మకుంటే ఇంగొకరు అమ్ముతారు." అంతటితో ఊరుకోలేదు. "జాతర నాడు మీ ఇంటికి గూడ మూడు పోయినాయి గదా. మీ పిల్లోడే వచ్చి తీసకపోయె. ఆ పొద్దు అడగలేదే?"

నాకు నోట మాట రాలేదు. బెల్లం కూడా కొనకుండా ఇంటికొచ్చేశాను.

మావాడు పదో తరగతి. అడిగితే ఏమాత్రం బెదరకుండా చెప్పాడు. "చిన్నాన్న పంపించాడమ్మా. మిగిలిన చిల్లర ఉంచుకోమన్నాడు." వసారాలో మా మరిది, స్నేహితులు కూర్చున్నప్పుడు నేను వంటింట్లో మాంసం వేపుతున్నాను. పిల్లాడు బయటికెళ్లడం చూశాను, రావడమూ చూశాను. ఎక్కడికని అడగలేదు.

మళ్లీ చట్టం తీశాను. ఆ కింది సెక్షనే నేను చదవకుండా వదిలేసింది. మద్యం అమ్మడానికైనా, మోయడానికైనా, చేరవేయడానికైనా పిల్లల్ని వాడుకున్నవాళ్లకీ అంతే శిక్షట. ఆ అంగడి గుమ్మం దాకా పంపుదామనుకున్న పోలీసు, దారిలో మా వసారా ముందూ ఆగాలన్నమాట!

అప్పుడు అసలు ప్రశ్న వచ్చి కూర్చుంది. మన ఇంట్లోనే తప్పుంటే ఎదుటివాళ్ల తప్పు అడిగే హక్కు మనకుందా? "ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో" అంటారు పెద్దలు. మంచి మాటే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఊరంతా నోరు మూసుకునే ప్రమాదమూ ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు గుర్తొచ్చారు. అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ పాఠం చదువుకుని, రోసమ్మలాంటి వాళ్లు ముందు నిలబడి సారా అంగడి మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం పోయింది, అది వేరే కథ. వాళ్లిళ్లలో తాగేవాళ్లు లేకనా వీధిలోకొచ్చింది? తమ ఇళ్లలోనే ఉన్నారు కనకే వచ్చారు. మా ఇల్లు శుభ్రమయ్యాక మాట్లాడదామనుకుని ఉంటే ఈనాటికీ ఆ గుమ్మాలు దాటి ఉండేవాళ్లు కాదు.

మర్నాడు మా వీధి ఆడవాళ్లం నలుగురం అంగడికి వెళ్లాం. ముందుగా నేనే, "జాతర నాటి తప్పు మా ఇంటిది. ఇకమీదట మా పిల్లాడు రాడు. వస్తే ఇవ్వొద్దు," అన్నాను. తక్కిన ముగ్గురూ అదే మాట చెప్పారు. ఆ తర్వాత, "మా పిల్లలకే కాదు, ఏ పిల్లాడికిచ్చినా స్టేషనుకెళ్తాం. వెనక చాడీ చెప్పడం లేదు, ముందే చెబుతున్నాం," అన్నాం.

ఆమె చాలాసేపు శనగల మూట వైపే చూసింది. "పిల్లోళ్లకియ్యనక్కా. పెద్దోళ్ల సంగతి మీరే చూసుకోండి," అంది చివరికి.

మాట నిలబెట్టుకుంటుందా? తెలియదు. బెల్లానికి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను. ఆ తాతతోనూ మాట్లాడాం. మోకాళ్ల నొప్పులట, అందుకే మనవణ్ణి పంపేవాడట. ఇప్పుడు కర్ర పట్టుకుని తానే వస్తున్నాడు. సరిహద్దులో తనిఖీలు పోలీసులే చెయ్యాలి, ఆ పని మన వల్ల కాదు. మన వాకిట్లోంచి చిల్లర పట్టుకుని బయల్దేరే పిల్లాణ్ణి ఆపడం మాత్రం వాళ్ల వల్ల కాదు.

మొన్న మా మరిది వచ్చి మావాణ్ణి పిలిచాడు. వాడు నా వంక చూశాడు. "కావాలంటే నువ్వే నడిచి తెచ్చుకో నాయనా. ఇకమీదట వీణ్ణి పంపను," అన్నాను. నవ్వులాటనుకున్నాడు. కాదని తెలిశాక మొహం ముడుచుకుని భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయాడు. పండక్కి వస్తాడో రాడో! బాధగానే ఉంది.

ఆ రాత్రి మావాడు మెల్లిగా అడిగాడు. "అమ్మా, మరి నాన్న సిగరెట్లకి కూడా నేను వెళ్లక్కర్లేదా?"

మావారు పేపరు దించారు. ఓసారి గొంతు సవరించుకుని, చెప్పులెక్కడని అడిగారు.