నావను కట్టవలసినవారెవరు?

మత్స్యావతార కథ మనకు ఒక్క రూపమున లభించుట లేదు. శతపథ బ్రాహ్మణములో మనువు ప్రాతఃకాలమున చేతులు కడుగుకొనుచుండగా నీటితోపాటు ఒక చిన్న చేప అతని చేతికి వచ్చి, తన్ను పెంచి రక్షించినచో తానును అతనిని రక్షింతునని మాట యిచ్చి, పెరిగి పెద్దదై సముద్రమును చేరు సమయమున, రానున్న జలప్రళయమును గూర్చి హెచ్చరించి నావ నొకటి సిద్ధము చేసికొనుమని చెప్పినది. ఆ కథలో నావను కట్టుకొన్నవాడు మనువే. మహాభారత అరణ్యపర్వములోను ఆ భారము మనువుదే. మత్స్యపురాణమునకు వచ్చుసరికి నావను దేవతలందరు కలిసి నిర్మించి యిచ్చిరి. భాగవతములో మనువు స్థానమున నున్న సత్యవ్రతుడు కొయ్య చెక్కవలసిన పని గాని మేకు కొట్టవలసిన పని గాని లేకయే, భగవంతుడు పంపిన నావ తానై అతని కడకు వచ్చినది. పోతన అష్టమస్కంధమున తెలుగువారు చదువుకొనుచున్నది ఈ చివరి కథనే.

ఒక కథలో మనుష్యుడు కట్టుకొన్న నావ, మరియొక కథలో సమష్టిగా కట్టబడిన నావ, వేరొక కథలో అనుగ్రహరూపమున వచ్చిన నావ. భక్తి ప్రబలిన కొలది పురుషప్రయత్నము క్షీణించెనని ఈ భేదములకు అర్థము చెప్పుటకు వీలున్నది గాని, నాకు అట్లు తోచదు. నావను ఎవరు కట్టినను, ఈ కథలన్నిటిలోను రెండు విషయములు మారలేదు: ప్రళయము రానున్నదని ముందుగా తెలిసినవాడు తెలియనివానికి చెప్పెను, నావను చేప కొమ్మునకు కట్టివేసినవాడు మాత్రము మనుష్యుడే. హెచ్చరిక లేనిచో మనువునకు తెలియదు. మనువు త్రాటిని ముడివేయనిచో చేప యెంత బలిష్ఠమైనదైనను ప్రయోజనము లేదు.

ప్రకృతి విలయము సంభవించిన ప్రతి పర్యాయమును మనలో ఒక పాత వివాదము తలయెత్తును. తన ప్రాణమును, తన కుటుంబమును రక్షించుకొనుట ప్రతి మనుష్యుని స్వధర్మమనియు, ప్రభుత్వము అన్నియు సమకూర్చిపెట్టినచో ప్రజలు సోమరులై చేయిచాచుటకు అలవాటుపడుదురనియు కొందరందురు. ప్రజలయొద్ద పన్నులు గైకొనుచున్న ప్రభుత్వము ఆపత్కాలమున ఆదుకొనకున్నచో అది యెందులకని మరికొందరందురు. ఈ రెండు వాదములును ప్రభుత్వమును ప్రజలకు వెలుపల నెక్కడనో ఉన్న వస్తువుగా భావించుచున్నవి. నా అసమ్మతి అక్కడనే మొదలగుచున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రము నాల్గవ అధికరణమున ఉపనిపాత ప్రతీకారమను ప్రకరణము కలదు. అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము, ఎలుకలు, క్రూరమృగములు, సర్పములు, రాక్షసులు అని దైవికములైన మహాభయములను ఎనిమిదింటిని పేర్కొని, ఒక్కొక్క దానికి ఎవరేమి చేయవలెనో ఆ ఆచార్యుడు విధించెను. వర్షాకాలమున నదీతీరమందలి గ్రామములవారు వరద తాకు మేరను విడిచి మెరకకు పోయి నివసింపవలెను. పలకలు, వెదుళ్లు, పడవలు ముందుగానే సమకూర్చుకొనవలెను. ప్రవాహమున కొట్టుకొని పోవుచున్నవారిని సొరకాయబుఱ్ఱలతోను, తోలుతిత్తులతోను, పడవలతోను, చెట్టుమొద్దులతోను ఒడ్డునకు చేర్పవలెను. రక్షించుటకు ముందునకు రానివానికి పన్నెండు పణముల దండన. అయితే పడవ లేనివారికి ఆ దండన లేదు. దుర్భిక్ష ప్రస్తావన వచ్చినప్పుడు ఆ ఆచార్యుడే రాజువైపునకు తిరిగి, విత్తనములను, భోజనమును ప్రజలకిచ్చి, పనులు కల్పించి, తన నిలువలను పంచిపెట్టవలెనని శాసించుచున్నాడు. పర్వదినములలో నదులకు పూజలు చేయుటయు ఆ ప్రకరణముననే విహితము. పూజయు, పడవయు, దండనయు, ధాన్యపుకొట్టును ఒక్క చోటనే ఉండుటలో ఆ పురాతనునికి ఏ వైరుధ్యమును కనబడలేదు.

పడవ లేనివారిని మినహాయించిన ఆ చిన్న విధిలో, మన వివాదమునకు కావలసిన ధర్మనిర్ణయము ఇమిడియున్నదని నా విశ్వాసము. సాటివానిని రక్షించుట కేవల దయాకార్యము గాక, చేయకున్నచో దండింపదగిన కర్తవ్యము. కాని ఆ కర్తవ్యము శక్తిని అనుసరించియే యుండును. సాధనము లేనివానిని నీ బాధ్యత యేమైనదని నిలదీయుటకు శాస్త్రమునకే మనసు రాలేదు.

ఆ మినహాయింపును మరచిన పాలకులు ఏమి చేయుదురో తెలుగుదేశము ధాత కరువున చూచినది. 1876లో వానలు తప్పి, బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములు మాడిపోయినవి. అంతకు రెండేండ్ల క్రితమే, 1874లో, బీహారు బెంగాలు ప్రాంతములందు క్షామము వచ్చినప్పుడు రిచర్డు టెంపులను అధికారి బర్మానుండి బియ్యము తెప్పించి ఉదారముగా వ్యయము చేయగా మరణములు మిక్కిలి స్వల్పములయ్యెను. ఆ వ్యయమునకే అతడు నిందల పాలయ్యెను. ఆ టెంపులునే 1877లో వైస్రాయి లిట్టను చెన్నరాజధానికి పంపెను. ఈ పర్యాయము అతడు, కరువుపనులలో రాళ్లు కొట్టు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. అనగా అరకిలోకు లోపు. స్త్రీలకు, పిల్లలకు ఇంకను తక్కువ. ఆ కూలితో శ్రమచేయు శరీరము నిలువదని చెన్నరాజధాని ఆరోగ్యాధికారి కార్నిషు పట్టుదలతో వాదించెను. కొన్ని నెలలకు ఆ కొలత పెంపబడెను గాని అప్పటికి ఎందరో పోయిరి. 1881 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా ప్రజ పదేండ్ల క్రితము ఉన్నదానిలో దాదాపు నాలుగింట ఒక వంతు తగ్గియుండెను.

ఉదారముగా ఇచ్చినచో ప్రజలు చెడిపోవుదురు, స్వశక్తిపై నిలువరు, అను భయమే ఆనాటి పాలకుల లోభమునకు నీతివేషమును తొడిగినది. స్వావలంబనము ఉత్తమగుణమే, దానిని నేను తక్కువ చేయను. కాని ఆ గుణమును ఆకలిగొన్నవానికి ఉపదేశించు అధికారము కడుపునిండినవానికి లేదు. ఒకడు తనకు తాను విధించుకొన్నప్పుడు తపస్సు అనిపించుకొను నియమము, అదియే యొరునిపై విధించినప్పుడు హింస యగును. 1880 నాటి క్షామవిచారణ సంఘము తరువాతనే, కరువున ప్రజల ప్రాణములను కాపాడుట రాజ్యము బాధ్యతయని లిఖితరూపమున క్షామనిబంధనలు వెలసినవి.

కర్మసిద్ధాంతమునకును ఇదే న్యాయము వర్తించును. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపము సంభవించినప్పుడు అది అస్పృశ్యతా పాపమునకు దైవము విధించిన శిక్షయని గాంధీజీ చెప్పగా, భౌతిక కారణములు గల ఉత్పాతమునకు ఇట్టి వ్యాఖ్య తగదని రవీంద్రనాథ ఠాకూరు బహిరంగముగా ఆక్షేపించెను. ఆ సంవాదమున సత్యము ఠాకూరు పక్షముననే యున్నదని నా తలంపు. గోడ కూలి మరణించిన పసికందు ఏ పాపము చేసినది? అయినను గాంధీజీ తాను చెప్పిన ఆ పాపమును మృతులమీద మోపక తనతో సహా సమాజమంతటిపైన మోపెను. సహాయమును ఆపుటకు దానిని సాకుగా వాడుకొనక ఆ మార్చి నెలలో బీహారునకు పోయి బాధితులనడుమ సంచరించెను. చెరనుండి విడుదలయైన రాజేంద్రప్రసాదు అస్వస్థుడై యుండియు సహాయసంఘమును నడిపెను. తన కర్మను తాను విచారించుకొనుట వేరు, పరుని దుఃఖమునకు వాని కర్మయే కారణమని చెప్పి తప్పుకొనుట వేరు.

ఇక మన తీరమునకు వత్తము. 1977 నవంబరు 19న కృష్ణాసాగర సంగమమువద్ద దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లలో తాడిచెట్టంత ఎత్తున సముద్రము లేచి వచ్చినదని బ్రతికినవారు చెప్పుకొందురు. సుమారు 10,000 మంది మరణించిరి. తుపాను రానున్నదని రేడియోలో చెప్పకపోలేదు; కాని తుపాననగా గాలివాన యనుకొన్నవారికి, సముద్రము నేలమీదికి నడచి వచ్చునని ఎవరు చెప్పిరి? చెప్పినను, తాటాకు పాకలు తప్ప వేరొండు లేని పల్లెలో వారు ఎక్కడికి పోవలెను? ఆ పల్లెవాసి అర్థశాస్త్రము దండింపక విడిచిన పడవలేని మనుష్యుడే.

ఆ దినములలో మనుష్యుడు మనుష్యునికి చేసిన సేవను తెలుగుదేశము మరువదు. కుళ్లిన శవములను ఎత్తి దహనము చేయుటకు ఊరూపేరూ తెలియని యువకులు తరలివచ్చిరి. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి ఊరూర తిరిగి విరాళములు ప్రోగుచేసిరి. ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధి మండలి వెంకట కృష్ణారావు సహాయకార్యములకు అంకితమయ్యెను. ఆ సేవ మహత్తరమైనది. కాని అది యంతయు మరణానంతర సేవ యన్న సత్యమును దాచుకొనరాదు. శవమును గౌరవముగా దహించిన పుణ్యము ఎంతటిదైనను, అది ప్రాణమును తిరిగి యీయజాలదు.

పదమూడేండ్లకు, 1990 మే 9న, అంతటి బలముగల తుపానే మరల కృష్ణాముఖమువద్ద తీరము దాటినది. ఈ మారు లక్షన్నరకు పైగా జనులను ముందుగానే తరలించిరి; మృతులు వేయికి లోపు. వేయిమంది తక్కువ కాదు, వారి యిండ్లలో ఆ దుఃఖము పదివేలకు సమానమే. అయినను ఈ అంతరమును విచారింపవలెను. పదమూడేండ్లలో తీరవాసుల స్వభావము మారలేదు, సోమరితనము గాని చురుకుదనము గాని వారిలో కొత్తగా పుట్టలేదు. తుపానును కనిపెట్టు రాడారు, ఉపగ్రహము ఇచ్చు వార్త, ఊరిలో నిలిచిన పక్కా ఆశ్రయభవనము, తరలించుటకు వచ్చిన బండి, ఇవి వచ్చినవి. దానికి తోడు 1977ను కన్నులార చూచినవారు చెప్పగనే లేచి నడచిరి. నావను సమష్టిగా కట్టిరి. త్రాటిని ఎవరికివారు ముడివేసికొనిరి.

మహాభారత అనుశాసనపర్వమున దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యని ధర్మరాజు అడుగగా, బీజమును క్షేత్రమును కలిసినప్పుడే పంట యని భీష్ముడు సమాధానము చెప్పెను. ఒంటరియైన బెస్తవానికి ప్రభుత్వము దైవము వలెనే దూరముగా, అనూహ్యముగా కనిపించును. నిజమునకు అది దైవము గాదు. పదిమంది పురుషకారము ఒకచోట కూడిన రూపమది. ఆశ్రయభవనమును కట్టిన ధనము ప్రజలది, కట్టిన చేతులు ప్రజలవి. కాబట్టి దానిని అడుగుట భిక్షాటనము గాదు, అందుకొనుట అవమానము గాదు. ఈ సంగతి మరచినందువలననే, అన్నపు పొట్లము అందుకొను స్త్రీ తల దించుకొనుచున్నది, పొట్లము ఇచ్చు అధికారి తల యెత్తుకొనుచున్నాడు; రెండును నేను చూడనోపను.

హెచ్చరిక విని కూడ ఇల్లు కదలనివానిని ఏమనవలెను? నిర్లక్ష్యమని తీర్పు చెప్పుటకు ముందు వాని వాకిట నిలిచి చూడవలెను. గొడ్లను కట్టుతాళ్లతో విడిచి పోలేడు. పడవయు, వలయు వాని సర్వస్వము. అప్పు చేసి కొన్నవి, పోయినచో తీర్చుటకు దారి లేదు. గొడ్లకు చోటు, వలలకు భద్రత, ఖాళీయైన యిండ్లకు కాపలా చూపినప్పుడు వానిలో మొండితనముగా కనబడినది చాలమట్టుకు కరగిపోవును. ఇన్ని సమకూర్చిన తరువాతను కదలక, తనతో పిల్లలను కూడ ప్రమాదమున ఉంచువాని తప్పు మాత్రము వానిదే. దానిని ప్రభుత్వముపై త్రోయుటకు నేనొప్పను.

స్వీయబాధ్యత యనగానే మనవారు బాధితుని వైపే వ్రేలు చూపుదురు. తీరమున శక్తిగలవారి బాధ్యత మాట యేమి? ఇల్లు పోకయే తన పేరును పరిహారపు జాబితాలో వ్రాయించుకొన్నవాడు, నిజముగా ఇల్లు కోల్పోయిన పేదవాని నోటికాడి ముద్దను తీసికొన్నట్లే. కృష్ణా గోదావరి ముఖములలో ఉప్పెన వేగమును విరిచి ఊరిని కాపాడు మడ అడవులను నరికి రొయ్యల చెరువులు త్రవ్వుకొన్నవారు ఉన్నారు. ఆ లాభము వారిది, ఆ అడవి లేని తీరమున అల వచ్చి తాకునది మాత్రము పాకలోని కూలివానిని. దివిసీమ ఉప్పెన తరువాత కట్టిన ఆశ్రయభవనములలో పెక్కింటి కప్పులు పెచ్చులూడి, గోడలు బీటలువారి, వాడుటకు పనికిరాకున్నవి. వాటిని బాగుచేయుటకు ప్రభుత్వము ధనమీయవలెను. ఎండకాలమున, తుపాను జాడయే లేనినాడు, ఆ భవనపు తాళమును తెరిపించి కప్పునుండి నీరు కారుచున్నదేమోయని చూచు పని పంచాయతీ పెద్దలది, పాఠశాల ఉపాధ్యాయునిది, పక్కా యిల్లుండి ఆ భవనముతో తనకు అవసరము రాదని తలచు ఇరుగువానిది. ఆ ఇరుగువానికి పడవ ఉన్నది. కౌటిల్యుని పన్నెండు పణముల దండన వర్తించునది అతనికే.