భాగవతమున వృక్షధర్మము

శ్రీమద్భాగవతము దశమస్కంధమున ఒక రమ్యమైన ఘట్టము కలదు. శ్రీకృష్ణభగవానుడు గోపబాలురతో కూడి ఆవులను మేపుచు బృందావనమునకు దూరముగా పోయెను. ఎండ మండిపోవుచుండెను. తమపై గొడుగులవలె నిలిచిన చెట్లను చూపి, స్వామి చెలికాండ్రతో వాని జన్మమే జన్మమని పలికెను. గాలిని, వానను, ఎండను, మంచును తాము సహించి అవి ఇతరులను కాపాడును. ఆకు, పువ్వు, పండు, నీడ, వేరు, బెరడు, కట్టె - దేనిని దాచుకొనవు. అర్థించి వచ్చినవానిని వట్టిచేతులతో పంపవు.

ఈ పురాణమును తెనిగించిన పోతనామాత్యుడు ఓరుగల్లు సీమలోని బమ్మెరవాడు. రాజాశ్రయమును కాదని హలము పట్టి జీవించెనని పెద్దలు చెప్పుదురు. నాగలి పట్టినవానికి అడవి విలువ తెలియును. ఈ సీమలోనే, 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని పాలనలో, అడవికొండల నడుమ వాగునకు కట్టవేసి పాకాల చెరువును నిర్మించిరి. కొండపై కురిసిన వానను రాలిన ఆకులును, చెట్ల వేళ్లును పట్టియుంచి మెల్లమెల్లగా చెరువునకు విడుచును. చెట్లు నరికిన కొండనుండి నీటితోపాటు మన్నును కొట్టుకొనివచ్చి చెరువు పూడిపోవును. కనుక అడవి చెరువునకు తల్లి, చెరువు చేనికి తల్లి.

ఈ బంధమును మరచినందున కలిగిన దుఃఖమును ఓరుగల్లు చవిచూచినది. 1997-98లో ప్రత్తిచేలపై లద్దెపురుగు విరుచుకొనిపడెను. ఎన్ని మందులు చల్లినను చావలేదు. ఆ విషము పురుగులను తిని చేనును కాచు సాలీళ్లను, అక్షింతల పురుగులను మాత్రము హరించెను. అప్పులపాలై, చేనికై తెచ్చిన మందునే త్రాగి ప్రాణములు విడిచిన రైతులు పెక్కురు. ఆ ఇండ్లలో ఆరిన దీపములకు ఎవరు బదులు చెప్పగలరు?

అయితే మరలివచ్చు త్రోవయు ఈ నేలయే చూపినది. నేడు బమ్మెర యున్న జనగామ జిల్లాలోనిదే ఏనెబావి యను చిన్న పల్లె. అచటి రైతులు పురుగుమందులను, రసాయనపు ఎరువులను విడిచి, 2006లో తమ గ్రామమును రసాయనరహితమని ప్రకటించుకొనిరి. పెంటయెరువు, వేపకషాయము వారికి ఆధారములైనవి. చంపుటచే గాక, కలసి బ్రతుకుటచే పంట నిలుచునని ఆ పల్లె చాటినది.

ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన గురువులను వివరించును. వారిలో మొదటిది భూమి. తేనెటీగయు ఆయనకు గురువే. పూవును నొప్పింపక కొంచెము కొంచెముగా గ్రహించుటను దానివలన నేర్చెను. తాను తేనె గొనుచు పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చి, ఆ ఈగ చేనిలో కాయ నిలుపుచున్నది. తీసికొనుటయు ఇచ్చుటయు దానికి ఒక్కటే పని.

ఇంటి ముంగిట తులసికి నీరు పోయు చేయి, చేనిగట్టున ఒక వేపమొక్కకును నీరు పోయవలెను. స్వామికి నివేదించు అన్నము విషము సోకని మడిలో పండవలెను. సకలజీవులలో అంతర్యామియై యున్న శ్రీహరికి అంతకుమించిన అర్చన లేదు.