బండి తగిలినప్పటి ధర్మం

సిగ్నల్ దగ్గర ఆగివున్న కారును వెనుకనుంచి మరో కారు తాకి బంపరు సొట్టపడినప్పుడు, అది బుద్ధిపూర్వకంగా జరిగినది కాదు గనుక తాకించినవాడు చెల్లించవలసినది రుణమా, దండమా అన్న ప్రశ్న ఎడ్లబండ్ల కాలంలోనే ధర్మశాస్త్రాలకు ఎదురైంది. తెలిసి గానీ తెలియక గానీ పరుల వస్తువును పాడుచేసినవాడు సొంతదారును తృప్తిపరచి, అంతే విలువను రాజుకు కూడా చెల్లించాలని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం విధిస్తుంది. ముక్కుతాడు తెగడం, కాడి విరగడం, ఇరుసు విరగడం, తప్పుకోమని తోలేవాడు కేకవేయడం వంటి పది సందర్భాలలో మాత్రం దండం, అంటే రాజుకు కట్టే జరిమానా, ఉండదు. తోలేవాడు నేర్పులేనివాడైతే దండం బండి యజమానిది, నేర్పరి అయితే తోలేవాడిది. జీతానికి డ్రైవరును పెట్టుకున్నవారికి ఈ విభజన అంతగా రుచించకపోవచ్చు.

అసలు చిక్కు సొంతదారును తృప్తిపరచడంలో ఉంది. డెంటింగుకూ పెయింటింగుకూ ఎంతవుతుందో షెడ్డు మేస్త్రీ చెప్పగలడు. నో క్లెయిమ్ బోనస్ పోకూడదని, బీమా జోలికి పోకుండా, రోడ్డుపక్కనే రొక్కంతో తేల్చుకోవడమూ మామూలే. అయితే తలుపు మీది పాత గీతలను కూడా ఆ అంచనాలోనే కలిపి వసూలు చేసుకునే బాధితుడు ఆ మేరకు పరుల సొత్తు తీసుకున్నవాడే అవుతాడు కాబట్టి, అస్తేయం, అనగా తనది కానిదానిని గ్రహించకుండటమనే వ్రతం, అక్కడ తాకించినవాడికంటే అతడినే ఎక్కువగా నిలదీస్తుంది.