భయపడేవాని సాక్ష్యం: ‘రియల్మ్ ఆఫ్ ఫియర్’ – నైతిక పరిశీలన

ప్రవేశిక

యంత్రాన్ని చూసి జంకేవారిని అజ్ఞానులుగా లెక్కించడం ఆధునిక సమాజానికి అలవాటైన తీర్పు. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం దానంతటదే పోతుందన్న నమ్మకం ఈ తీర్పుకు ఆధారం. అద్వైత వేదాంతంలో సుప్రసిద్ధమైన రజ్జుసర్ప దృష్టాంతం కూడా పైకి ఈ నమ్మకాన్నే బలపరుస్తున్నట్లు కనిపిస్తుంది. మసక వెలుతురులో తాడును పామనుకొన్నవాడు దీపం తెచ్చి చూస్తే భ్రాంతి, దానితోపాటు భయం తొలగిపోతాయి. అయితే దీపం చేతిలో ఉండి కూడా భయపడేవాని సంగతి ఏమిటి? అటువంటివాడు తాను ఒకదాన్ని చూశానని చెబితే ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలి? 1992 సెప్టెంబరు 28న అమెరికాలో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ ధారావాహికలోని ‘రియల్మ్ ఆఫ్ ఫియర్’ అనే భాగం ఈ రెండు ప్రశ్నలనూ ఒకే పాత్రలో నిలిపింది.

కథావస్తువు

ఈ భాగానికి రచయిత బ్రానన్ బ్రాగా, దర్శకుడు క్లిఫ్ బోల్. డ్వైట్ షుల్ట్జ్ ధరించిన రెజినాల్డ్ బార్‌క్లే పాత్ర దీనికి కేంద్రం. ప్రమాదానికి గురైన ‘యోసెమిటీ’ అనే పరిశోధక నౌకలోకి వెళ్లవలసిన బృందంలో అతడొకడు. అక్కడికి చేరడానికి ట్రాన్స్‌పోర్టర్ ఒక్కటే మార్గం. ఆ యంత్రం మనిషి దేహాన్ని కణాలుగా విడదీసి, మరొకచోట తిరిగి కూరుస్తుంది. బార్‌క్లే వేదిక దాకా వచ్చి వెనుదిరుగుతాడు. మనోవైద్య సలహాదారు ట్రోయ్ సాయంతో మనసు కూడదీసుకొని ప్రయాణం చేస్తాడు. తిరిగివచ్చేటప్పుడు కిరణప్రవాహంలో ఒక వికృతాకారం తన వైపు కదలడం, తన చేతిని తాకడం చూస్తాడు. యంత్రాన్ని పరీక్షించినవారికి లోపమేదీ కనిపించదు. తనకు మతిభ్రమ కలిగిందేమోనని అతడే అనుమానించి, కంప్యూటర్ చెప్పిన రోగలక్షణాలన్నింటినీ తనలో వెదుక్కొంటాడు.

జ్ఞానం వల్ల కలిగే భయం

బార్‌క్లే ఇంజనీరు. యంత్రాల లోపాలను పసిగట్టడం అతని వృత్తి. ఆ యంత్రం దేహాన్ని ఏం చేస్తుందో నౌకలోని చాలామందికన్నా అతనికి బాగా తెలుసు. సహోద్యోగులు నిశ్చింతగా వేదిక ఎక్కడానికి కారణం అలవాటు. అతని భయానికి కారణం ఆ అలవాటు కప్పిపెట్టిన విషయాన్ని మరిచిపోలేకపోవడం. ఇక్కడ దీపం వెలుగుతూనే ఉంది, భయమూ ఉంది. మరింత వెలుతురు తేవడం ఈ భయానికి మందు కాదు.

ఈ భయానికి తాత్త్విక ఆధారం కూడా ఉంది. డెరెక్ పార్ఫిట్ 1984లో వెలువరించిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ గ్రంథంలో ఇటువంటి యంత్రాన్నే ఊహించాడు. భూమి మీద దేహం నశించి, అంగారకుని మీద అచ్చం అటువంటి దేహమే తయారైతే అక్కడ కళ్లు తెరిచినవాడు ఇక్కడ కళ్లు మూసినవాడేనా అన్నది అతడు చర్చించిన ప్రశ్న. ప్రయాణం సురక్షితమని లెక్కలు చూపడం ఈ ప్రశ్నకు సమాధానం కాదు. ఎంతమంది క్షేమంగా చేరారన్నది లెక్క చెబుతుంది. చేరినవాడు ఎవరన్నది చెప్పదు. కాబట్టి బార్‌క్లే భయాన్ని కేవలం అవివేకంగా కొట్టిపారేయడం తర్కానికి నిలవదు. అయితే ఈ కథ పార్ఫిట్ సందేహానికి తనదైన రీతిలో బదులిచ్చింది. బార్‌క్లేకు ప్రవాహం మధ్యలో కూడా ఎరుక ఉంటుంది. అక్కడ అతడు చూడగలడు, చేయి చాపగలడు. అతని ‘నేను’ తెగిపోలేదు.

సాక్ష్యం – సందేహం

కథలోని నైతిక సమస్య ఇక్కడినుంచి చిక్కనవుతుంది. భయపడేవాడని ఒకసారి పేరుపడ్డాక అతడు చూసినదంతా భయం కల్పించినదిగానే కనిపిస్తుంది. అతని ఆందోళనను గమనించి ట్రోయ్ అతణ్ణి తాత్కాలికంగా విధులనుంచి తప్పిస్తుంది. ఆమె నిర్ణయంలో దురుద్దేశం లేదు. యంత్రాన్ని పరీక్షించినవారిలోనూ నిర్లక్ష్యం లేదు. ఎవరూ తప్పు చేయకుండానే ఒక నిజం మరుగున పడగలదన్నది ఈ ఘట్టం ఎత్తిచూపే అంశం. జ్ఞానవిషయకమైన ఈ అన్యాయాన్ని తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో ప్రచురించిన గ్రంథంలో సిద్ధాంతీకరించింది. శ్రోతలోని పూర్వాభిప్రాయం వల్ల వక్త మాటకు దక్కవలసిన విశ్వసనీయత దక్కకపోవడం ఆ సిద్ధాంతంలోని ఒక ప్రధానాంశం. బార్‌క్లే విషయంలో ఆ పూర్వాభిప్రాయం అతనిలోనే పాతుకుపోయింది. తన కళ్లను తానే నమ్మలేకపోవడం ఈ అన్యాయానికి పరాకాష్ఠ.

ఇందుకు విరుగుడు కూడా కథలోనే ఉంది. ఓబ్రయన్ యంత్రాన్ని నడిపేవాడు. ఒకప్పుడు సాలెపురుగులంటే తనకున్న భయాన్ని అతడు దాచకుండా చెబుతాడు. ఎగతాళి చేయడు. బార్‌క్లే అధికారి లా ఫోర్జ్ అతని మాటను నమ్ముతాడు. ఈ నమ్మకం గుడ్డిది కాదు. యంత్రమంటే ఇంత జంకేవాడు చూసినదాన్ని నిర్ధారించుకోవడానికి తనంతట తానే మళ్లీ అందులోకి వెళ్లాడు. ఆ సాక్ష్యానికి అంతకుమించిన పూచీ ఏముంటుంది? విచారించే బాధ్యత అంగీకరించే బాధ్యత కాదు. వెదికితే ఏమీ దొరకకపోవచ్చు. అయినా వెదకకముందే తీర్పు చెప్పడం తగదు.

ధైర్య స్వరూపం

చివరకు వైద్య పరీక్షలో అతని చేతిలో విచిత్రమైన సూక్ష్మజీవులు బయటపడతాయి. వాటిని తొలగించడానికి అతణ్ణి కిరణప్రవాహంలో మామూలుకన్నా ఎక్కువసేపు నిలపవలసి వస్తుంది. తాను ఎక్కువగా భయపడేచోట ఎక్కువసేపు నిలిచిన ఆ స్థితిలో బార్‌క్లే తన వైపు వచ్చిన ఆకారాన్ని తప్పించుకోకుండా గట్టిగా పట్టుకొంటాడు. బయటికి వచ్చాక చూస్తే అది యోసెమిటీ నౌకలో అదృశ్యమైన ఉద్యోగులలో ఒకరు! ప్రవాహంలో చిక్కుకొన్న మిగిలినవారికి కూడా విముక్తి కలుగుతుంది. రజ్జుసర్ప దృష్టాంతం ఇక్కడ తిరగబడింది. పామనుకొన్నది తాడయితే ఊరట కలుగుతుంది, అంతటితో కథ ముగుస్తుంది. పామనుకొన్నది ఆపదలో ఉన్న మనిషి అయితే ఊరటతో సరిపోదు, కర్తవ్యం మొదలవుతుంది.

అరిస్టాటిల్ ధైర్యాన్ని పిరికితనానికీ తెగువకూ నడుమ నిలిపాడు. భయపడదగినదానికి తగిన రీతిలో భయపడడం అతని దృష్టిలో ధీరుని లక్షణమే. బార్‌క్లే భయానికి లొంగి దూరంగా ఉండిపోతే ఆ ఉద్యోగులు దక్కేవారు కారు. చూసినదాన్ని రోగలక్షణంగా భావించి మరిచిపోయినా దక్కేవారు కారు. భయాన్నీ భయంలో కనిపించినదాన్నీ వేరుచేసి చూడగలగడం వల్లనే వారు బతికారు.

ముగింపు

వాస్తవ జీవితంలో భయపడేవారి మాట ప్రతిసారీ నిజమని తేలదు. కథ కల్పించిన ఈ సౌలభ్యం ఒక పరిమితి. అయినా కొత్త సాధనాల ముందు వెనుకాడేవారిని ‘నేర్చుకోలేనివారు’గా ఒక్క మాటతో పక్కనపెట్టే కాలంలో ఈ కథ చూపిన నీతి ఆలోచించదగినది. వారి భయాన్ని పోగొట్టగలిగితే మంచిదే. అంతకుముందు వారు ఏం చూసి భయపడుతున్నారో విని, పరిశీలించవలసి ఉంది. కథ చివర ఓబ్రయన్ పెంచుకొంటున్న సాలెపురుగు బార్‌క్లే మీద పాకుతుంది. అతనికి భయం పూర్తిగా పోలేదు. అయినా అతడు లేచి పారిపోలేదు.