పాలు పెరుగవడంలో కర్త ఎవరు

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో, బయటి సాధనాల సాయం లేకుండానే బ్రహ్మం జగత్తుగా పరిణమించగలదనడానికి పాలు పెరుగవడం దృష్టాంతంగా వచ్చింది. వెచ్చదనం ఆ మార్పును త్వరపెడుతుందే గాని, పెరుగయ్యే శక్తి పాలలోనే ఉన్నదని శంకరులు భాష్యంలో వివరించారు. తోడులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా సంగతి తెలిశాక ఈ దృష్టాంతానికి చిక్కు వచ్చిపడింది (సిద్ధాంతానికి కాదు, దృష్టాంతానికే).

ఈ సూక్ష్మజీవి పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చి బతుకుతుంది. ఆమ్లత్వాన్ని తెలిపే కొలత అయిన పీహెచ్ పాలలో సుమారు 6.6 నుంచి 4.5 దాకా దిగేసరికి, తాను విడిచిన ఆమ్లమే కణపొరను దాటి లోపలికి చొరబడి, ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. కర్మఫలం చేసినవారినే చేరడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అరుదు. అప్పుడు పొరలో అమరిన ఒక ఎంజైమ్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఖర్చుచేస్తూ, ఆ ప్రోటాన్లను బయటికి తోస్తూ ఉంటుంది. విశేషమేమంటే లాక్టోకోకస్ వంటి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా లోపలి పీహెచ్‌ను ఒకే అంకె దగ్గర పట్టుకొని కూర్చోవు. బయట పులుపు పెరిగేకొద్దీ లోపల కూడా కొంత దిగనిచ్చి, లోపలికీ బయటికీ మధ్య తేడాను మాత్రం నిలుపుకుంటాయి. అలా దిగనివ్వకపోతే, ఆమ్లం ప్రోటాన్లను వదిలాక మిగిలే లాక్టేట్ అయాన్లు లోపల పేరుకొని విషమవుతాయి.

మరి ఆ జీవి కర్తేనా? న్యాయదర్శనం కర్తృత్వానికి జ్ఞానం, చికీర్ష అంటే చేయాలన్న కోరిక, కృతి అంటే ప్రయత్నం, ఈ మూడూ ఉండాలంటుంది. ప్రోటాన్లను తోయడంలో ప్రయత్నం వంటిదేదో కనిపించినా మొదటి రెండూ కనిపించవు కనుక, నైయాయికుని లెక్కలో దాన్ని కర్త అనడానికి వీల్లేదు.