బండ ఎవరి మీద పడుతుంది?

బొగ్గుబాయిలో మీథేన్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా చేరిందంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్‌గా చేసిన నాకు అక్కడ ముక్కూ పనికిరాలేదు, కన్నూ పనికిరాలేదు. వెనకట సేఫ్టీ ల్యాంపు మంట మీద లేచే నీలిరంగును చూసి గ్యాస్ ఎంతుందో అంచనా కట్టేవాళ్లం. తర్వాత మీటర్లొచ్చి అంకె చూపించాయి. అందుకే, ఇంద్రియాలు లేవు కాబట్టి యంత్రానికి తెలివి రాదని ఎవరైనా అంటే నేను తలూపను. ఆ పోటీలో మనం ఎప్పుడో ఓడిపోయాం.

అయినా ఒళ్లు అక్కర్లేదని మాత్రం అనలేను.

మా మనవడు బాసర ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. మనిషంత తెలివి రావాలంటే కృత్రిమ మేధకు శరీరం కావాలా వద్దా అని వాళ్ల హాస్టల్లో రాత్రిళ్లు వాదనలట. అలన్ ట్యూరింగ్ 1950లోనే రెండు దారులు చెప్పాడు: చదరంగం లాంటి ఒట్టి ఆలోచనతో మొదలుపెట్టడం ఒకటి, మంచి ఇంద్రియాలు అమర్చి పసిపిల్లకు నేర్పినట్టు నేర్పడం రెండోది. రెండూ చేసి చూడమన్నాడు. రెండో దారి బాసరకు కొత్తేమీ కాదు, అక్కడి సరస్వతి గుడిలో రోజూ పిల్లల చెయ్యి పట్టి అక్షరం దిద్దిస్తారు. అమ్మవారి మూర్తిని వ్యాసుడు గోదావరి ఇసుకతో చేశాడని స్థలపురాణం. చిప్పులూ ఇసుకలోంచి వచ్చినవే కదా అని మావాడి చమత్కారం.

గౌతముడి న్యాయసూత్రాలు శరీరాన్ని ఇంద్రియాలకు ఆశ్రయం అనడానికి ముందే చేష్టకు ఆశ్రయం అన్నాయి. కావలసింది అందుకోవడానికి, వద్దనుకున్నది తప్పించుకోవడానికి పడే పాటే ఆ చేష్ట. ఇది నాకు బాయిలోనే అర్థమైంది. షిఫ్టువాళ్లు లోపలికి రాకముందే సర్దార్ వెళ్లి జాగా చూడాలన్నది నిబంధన. కర్రతో పైబండను తట్టి చూస్తాం. గట్టిబండ ఖంగుమంటుంది, పొర విడిన బండ బోలుగా పలుకుతుంది. ఆ తేడా మైకు కూడా పట్టగలదు, బహుశా నాకన్నా బాగా. కానీ ఆ బోలు చప్పుడు వినగానే ముందు నా కాళ్లు వెనక్కి పడేవి, ఆలోచన తర్వాత వచ్చేది. ఆ బండ పడితే నా మీదే పడుతుంది. మైకు మీద పడితే ఇంకో మైకు తెస్తారు.

ఆదిశంకరుడి కథలోనూ ఇదే ఉంది. వాదంలో ఉభయభారతి కామశాస్త్రంలో ప్రశ్నలడిగినప్పుడు ఆయనకు కళ్లూ చెవులూ లేకపోలేదు. అయినా గడువు అడిగి, తన దేహాన్ని గుహలో శిష్యుల కాపలాలో వదిలి, చనిపోయిన అమరుక రాజు కాయంలో దూరాడు. ఈలోగా గుహలోని ఆ దేహాన్ని తగలబెట్టబోయారని కథ చెబుతుంది. నాకు నచ్చే ఘట్టం అదే. జవాబు తెలుసుకోవడానికి ఆయన తన ఒంటినే పణం పెట్టాడు.

ఇదంతా విని మావాడు, "ఆపేస్తామంటే భయపడేటట్టు దాన్ని తయారుజేస్తే ఎట్ల తాతా?" అన్నాడు.

"అట్లయితే బాయిల దించేముందు దాన్ని అడగాలె బిడ్డా. రానంటే ఊకోవాలె. యూనియన్ల సభ్యత్వం గూడ ఇయ్యాలె."

"మరి గప్పుడు దాన్ని కొన్నోళ్లకు లాభమేంది?"